ఏడో కిటికీలో పొట్టిది

ముందే చెప్పేస్తున్నాను, ఆ గుప్పెడు మట్టి వేసింది నేనే. చివరిదాకా దాచిపెట్టి అప్పుడు బయటపెడితే మీకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడే నాలుగు తిట్లు తిట్టేసుకుంటే మిగతాది ప్రశాంతంగా వినొచ్చు.

నేను పనిచేసే చోటుకి బోర్డు మీద నాలుగు వరసల పేరుంది. దాన్ని ఎవరూ చదవరు. అందరూ బొరియ అంటారు. చెట్ల పరిశోధన కేంద్రంలో, తోపు అంచున, సామాన్ల కొట్టు లాంటి చిన్న గది. అందులో ఒక ఇనప తలుపు. తీస్తే కిందికి పంతొమ్మిది మెట్లు. దిగితే నలభై అడుగుల నడవ. ఒకవైపు సిమెంటు గోడ, రెండో వైపు వరసగా పన్నెండు గాజు కిటికీలు. గాలీ వెలుతురూ వచ్చే కిటికీలు అనుకునేరు. గాజుకి అవతల నేరుగా మట్టే. చెట్లు మన నెత్తిమీద నిలబడి ఉంటే, వాటి వేళ్ళు మన ముక్కుకి ఎదురుగా గాజుని ఆనుకుని పెరుగుతాయి.

వేళ్ళకి వెలుతురు గిట్టదు. అందుకని ప్రతి కిటికీకీ నల్ల చెక్క రెక్కలుంటాయి. ఎర్ర బల్బు ఒక్కటి వేసుకుని, ఒక రెక్క తీసి, గాజు మీద ప్లాస్టిక్ షీటు బిగించి, కనబడ్డ వేరునల్లా దాని మీద గీయాలి. కొత్తగా వచ్చిన తెల్ల వేరుకి ఆకుపచ్చ పెన్ను, ముదిరి గోధుమరంగుకి తిరిగినదానికి నీలం, చచ్చి కుళ్ళిపోతున్నదానికి నలుపు. వేళ్ళ కొసల్ని అంటిపెట్టుకుని బూజు దారాలుంటాయి. వెంట్రుక కంటే సన్నం, మీగడ రంగు. కొన్నిచోట్ల కలిసి పురికొసలా సాగుతాయి, కొన్నిచోట్ల విసనకర్రలా విచ్చుకుంటాయి. వాటికి అన్నిటికంటే సన్న పెన్ను. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. ఏం చేస్తుంటావమ్మా అని ఎవరైనా అడిగితే వేళ్ళు గీస్తుంటానంటాను. వాళ్ళు జాలిగా నా చేతుల వైపు చూస్తారు.

కింద గంటసేపు కూర్చుంటే పైన పగలుందన్న సంగతే మరిచిపోతాం. ఆ ఎర్రటి మసకలో మట్టి ఊపిరి పీలుస్తున్నట్టు, కాస్త ఉబ్బి మళ్ళీ తగ్గుతున్నట్టు ఉంటుంది. రెప్ప వాల్చకుండా ఎంతసేపు చూసినా ఏ వేరూ పిసరంత జరగదు. వారం తిరిగి రెక్క తీస్తే అంతా మారిపోయి ఉంటుంది. నేను రెప్ప వేసే సందులో అవి పెరుగుతాయని నా గట్టి అనుమానం. మధ్యాహ్నాలు గీస్తూ గీస్తూ కునుకు పడుతుంది. కునుకులోనూ గీస్తూనే ఉంటాను. ఆ కలల్లో మాత్రం గాజు ఉండదు. నేను మెత్తగా మట్టిలోకి దిగిపోతుంటాను, చుట్టూ కనబడని చేతులేవో నన్ను ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటుంటాయి, నాకేమో ఎక్కడికి అని అడగాలనిపించదు. మెలకువ వచ్చేసరికి పెన్ను మూత తీసే ఉంటుంది, షీటు మీద ఒక చుక్క పెద్దదై ఉంటుంది. ఆ షీటు చించేసి మళ్ళీ మొదలుపెడతాను.

ఈ బొరియ తవ్వించింది మా అన్నయ్య. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మా నాన్నా పోయేసరికి నాకు ఏడేళ్ళు. అప్పటినుంచి నాకు జడ వేసింది, ముక్కు తుడిచింది, నా లెక్కల మార్కులు చూసి తల పట్టుకుంది అన్నయ్యే. నాకు అన్నిట్లో సున్నాలు, బొమ్మల్లో మాత్రం నూటికి నూరు. నోరు మూతపడదని పిచ్చుక అని పేరు పెట్టాడు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ పిచ్చుక పిచ్చుకలాగే ఉంది. అన్నయ్యకి అరవై. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చి, రెండేళ్ళ కిందట ఆపరేషన్ చేసినా దక్కలేదు. ఇప్పుడు గదిలో కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే.

అప్పటినుంచి అన్నయ్య కళ్ళు నేనే. గీసిన షీటుని రబ్బరు పలక మీద పెట్టి, మొండి సూదితో గీతల మీద మళ్ళీ గీస్తే ఆ గీత ఉబ్బుతుంది, వేలికి తగులుతుంది. శనివారం మధ్యాహ్నం షీట్లు చుట్టుకుని అన్నయ్య ఇంటికి తీసుకెళ్తాను. అన్నయ్య బల్ల ముందు కూర్చుని చూపుడువేలితో వేరుని మొదటినుంచి కొసదాకా వెంబడిస్తాడు. ఇక్కడ చీలింది, ఇక్కడ రాయి అడ్డొచ్చి పక్కకి తిరిగింది అని తనలో తను అనుకుంటుంటాడు. గీతకి అందనివి నేను నోటితో చెప్పాలి. మట్టి తడి ఎలా ఉంది, వేరు రంగు ఎలా ఉంది, పైన మొక్కకి ఆకులెలా ఉన్నాయి. నేను చెప్పింది వినడమే తప్ప రెండోసారి అడగడం అన్నయ్యకి అలవాటు లేదు.

వదిన మందుల షాపు నడుపుతుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి మా ఇద్దర్నీ ఆ షీట్ల మీద వంగి ఉండగా చూసి, "మీ అన్నాచెల్లెళ్ళకి భూమి పైన పనేం లేదా?" అంటుంది. ప్రతి శనివారం ఇదే జోకు. ప్రతిసారీ అన్నయ్య నవ్వుతాడు. వాళ్ళ కాపురం అలా సాగిపోతోంది.

అన్నయ్యకి జీవితమంతా ఒకటే ప్రశ్న. చెట్టుకీ ఈ బూజు దారానికీ పొత్తు ఉందన్నది తెలిసిన సంగతే. చెట్టు తన ఆకుల్లో వండుకున్న చక్కెరలో కొంత దారానికి పెడుతుంది. దారం ఏమో వేరు దూరలేని సందుల్లోకి దూరి, నీళ్ళూ భాస్వరమూ తెచ్చి చెట్టుకిస్తుంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతిదాంట్లో. ఒకే దారం ఇటు పెద్ద చెట్టునీ అటు నీడలో ఎండ చాలక నీరసించిన పిల్లమొక్కనీ పట్టుకుని ఉంటే, పెద్దదాని తిండి పిల్లదానికి చేరుతుందా? చేరుతుందని కొందరు. అదంతా మనుషులు మురిసిపోవడానికి అల్లుకున్న కథ అని కొందరు. పెద్ద పెద్ద చదువులు చదివి ఏళ్ళ తరబడి జుట్లు పట్టుకుంటున్నారు. అన్నయ్యకి నోటి గొడవలు చేతకావు. కిటికీలు పెట్టించాడు.

పన్నెండింట్లో చివరి ఆరు కిటికీల వెనక మట్టిని సన్నటి జల్లెడతో నిలువునా రెండుగా విడదీశాడు. దాని కన్నాల్లోంచి వేరు దూరదు, దారం దూరుతుంది. ఎడమవైపు పెద్ద చెట్ల వేళ్ళు. కుడివైపు ఆవిరి డ్రమ్ములో రెండుసార్లు ఉడికించిన మట్టి. అలా ఉడికిన మట్టిలో ఏ ప్రాణీ మిగలదు. దాని మీద ఒక్కో పిల్లమొక్క, మొక్క పైన నీడకి నల్ల వల. పైన ఎండా చాలదు, కింద తోడూ లేదు. బతకాలంటే జల్లెడ దాటి దారం రావాలి. వస్తే మొక్క బతుకుతుంది, అన్నయ్య ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ఏడో కిటికీ అవతల ఉన్నది తోపు మొత్తానికి ముసలి చెట్టు. రెండు ముక్కల పొడుగాటి పేరుంది దానికి, నాకు నోరు తిరగదు. పెద్దమ్మ అంటాను. దాని పక్కన జల్లెడకి ఇవతల జానెడు మొక్క. దాన్ని పొట్టిది అంటాను. నాటిన ఏడాదికి ఆరు మొక్కలూ పాలిపోయాయి. పెద్ద చెట్ల నుంచి బయల్దేరిన దారాలు జల్లెడ దాకా వచ్చి, గడప దగ్గర మొహమాటపడే చుట్టాల్లా అక్కడే ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే అన్నయ్యకి కంటి ఆపరేషన్. ఉదయం పదకొండుకి ఆసుపత్రి నుంచి వదిన ఫోన్ చేసింది. డాక్టర్లు నీళ్ళు నములుతుంటే ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. లాభం లేదంట అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. నేను ఉన్నపళంగా ఆసుపత్రికి పరుగెత్తాలి. పరుగెత్తలేదు. మెట్లెక్కి పైకొచ్చి తోపులో నిలబడ్డాను. ఎదురుగా పొట్టిది. రెండాకులు, రెండూ పసుపు. చెప్పొద్దూ, నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. పెద్దమ్మ మొదట్లో రాలిన ఆకుల కింద చెయ్యి దూర్చి, తెల్లటి దారాలు అల్లుకున్న తడి మట్టి ఒక గుప్పెడు తీశాను. నల్ల వల ఎత్తి, పొట్టిదాని పక్కన వేలితో గుంట చేసి, ఆ మట్టి అందులో కుక్కి, పైన ఉడికిన మట్టి సర్దాను. ఆ రోజు నాకు ఏదో ఒకటి బతకాలి. చేతులు కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాను.

మిగతా ఐదు మొక్కలూ ఎండిపోయాయి. పొట్టిది మాత్రం పచ్చబడింది.

నాలుగు నెలల తర్వాత ఏడో కిటికీ రెక్క తీస్తే జల్లెడకి కుడివైపు తెల్లటి విసనకర్రలు కనబడ్డాయి. పొట్టిదాని వేరు కొసలు లావెక్కి, పొట్టిగా రెండుగా చీలి, ఒక్కోదానికి మీగడ రంగు తొడుగు. దారాలు జల్లెడ దాకా ఉన్నాయి. ఇటువైపు దారం, అటువైపు దారం, మధ్యలో జల్లెడ. ఉన్నది ఉన్నట్టే గీశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గీతలో నేను ఎప్పుడూ దొంగతనం చెయ్యలేదు.

శనివారం అన్నయ్య వేలు ఎడమనుంచి కుడికి వచ్చింది. జల్లెడ గీత మీద ఆగింది. దాటింది. అక్కడ విచ్చుకున్న దారాల మీద ఇటూ అటూ తిరిగింది.  అన్నయ్య బల్ల మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. కళ్ళు పోయాక ఆ మొహంలో వెలుగు చూడ్డం నాకు అదే మొదటిసారి. ఆ వెలుగు మీద చెయ్యి ఎలా పెట్టమంటారు? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వచ్చే శనివారం చెబుదాం అనుకున్నాను. ఆ శనివారం వచ్చింది, దాని వెనక ఇంకోటి వచ్చింది.

ఒక్కోసారి కింద ఆ ఎర్ర మసకలో కూర్చుని నిజంగానే దాటిందేమో అనుకునేదాన్ని. నా గుప్పెడు మట్టి ఒక పక్కన ఉండగా, పెద్దమ్మ దారం కూడా ఇంకో పక్క నుంచి వచ్చి కలిసిందేమో. కునుకు పడితే అది కళ్ళముందే జరిగేది. దారం జల్లెడ కన్నంలోంచి మెల్లగా తొంగి చూసేది, పొట్టిది చెయ్యి చాచేది. లేచాక కూడా కాసేపు అదే నిజమనిపించేది. మన తప్పుని కడగాలంటే కలని మించిన నీళ్ళు లేవు.

అన్నయ్య వ్యాసం రాసి పెద్ద పత్రికకి పంపాడు. ఆయన చెబుతుంటే రాసింది నేనే. ఆరింట్లో ఒక్కటే బతికినా, అలా జరగగలదని తెలియడానికి ఒక్కటి చాలునని అందులో ఉంది. పత్రికవాళ్ళు మూడు నెలలు ఆగి జవాబిచ్చారు. బాగుంది, వేసుకుంటాం, కానీ మొక్క ఆ దారం వల్లే బతుకుతోందని చూపించాలంటే దారాన్ని తెంచి చూడండి అన్నారు.  అన్నయ్య తల ఊపాడు. తనే అడగాల్సిన మాట వాళ్ళు అడిగారని మెచ్చుకున్నాడు.

ఎలా చెయ్యాలో నాకు విడమరిచి చెప్పాడు. జల్లెడ వెంబడి స్టీలు రేకు దించాలి. పెద్దమ్మ నుంచి తిండి వస్తుంటే, తెంచిన నాలుగు వారాల్లో పొట్టిది వాడిపోవాలి. వాడకపోతే దాని బతుకు దానిదే అన్నమాట, మనం రాసింది తప్పు. ఇంత చెప్పి, కాస్త ఆగి, "పాపం, దాన్ని చంపి నెగ్గాలి మనం" అన్నాడు.

నా గుప్పెడు మట్టి రేకుకి ఇవతలే ఉంటుంది కాబట్టి అది చావదని ఆ గదిలో నాకు ఒక్కదానికే తెలుసు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని కూడా తెలుసు. పొద్దస్తమానం వాగే నోరు అప్పుడే మూతపడింది.

రేకు దించిన రోజు నేను కింద ఏడో కిటికీ దగ్గర కూర్చున్నాను. పైన తోటమాలి చెక్క సుత్తితో ఒక్కో దెబ్బ వేస్తుంటే రేకు అంగుళం అంగుళం కిందికి దిగింది. దారాలు తెగినప్పుడు ఏ చప్పుడూ రాలేదు. దెబ్బ దెబ్బకీ గాజు మాత్రం సన్నగా వణికింది. రేకు అడుగుకి తగిలాక కూడా అక్కడే కూర్చుండిపోయాను. తోటమాలి మెట్ల పైనుంచి అమ్మా ఇక ఎళ్ళొస్తానని రెండుసార్లు చెప్పాడట, నాకు వినబడలేదు.

మొదటి వారం ఆకులు నిజంగానే వాలాయి. రేకు దించేటప్పుడు వేళ్ళు అదిరాయి మరి. వాలాయని చెప్పాను, అది నిజం. అన్నయ్య కంచం ముందునుంచి సగంలో లేచిపోయాడు. రెండో వారం ఆకులు లేచి నిలబడ్డాయి. లేచాయి అని చెప్పడానికే నోరు తెరిచాను. అంతలో అన్నయ్య, "ఇంకా వాలే ఉన్నాయా?" అన్నాడు. ఆ మొహంలో జాలీ ఉంది, ఆశా ఉంది. ఆఁ, ఇంకా అలాగే ఉన్నాయి అన్నాను. అంత సులువుగా వచ్చేసింది. మూడో వారం ఆకు మొదట్లో ఎర్రటి చిగురు మొటిమంత కనబడింది. పసుపెక్కాయి, ఒకటి రాలింది అని చెప్పాను. ఆ షీటు మీద వేళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టే గీశాను, కొత్తగా వచ్చిన రెండు మినహా. గీతలో దొంగతనం చెయ్యలేదని ఇందాక అన్నానే, ఆ మాట ఆ వారం దాకానే చెల్లుతుంది.

నాలుగో శనివారం అన్నయ్య పత్రికకి ఉత్తరం చెప్పాడు. పరీక్ష పూర్తయింది, మొక్క వాడిపోయింది, మా మాట నిలబడింది. నేను రాసి, ఆ మధ్యాహ్నమే పంపేశాను. అన్నయ్యకి సంతోషం లేదు. కుర్చీలో వెనక్కి వాలి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం బొరియకి తిరిగొచ్చాక కునుకు పడితే ఒక కల వచ్చింది. నా నోట్లోంచి తెల్లటి దారం వస్తోంది. నొప్పి లేదు, లాగేకొద్దీ వస్తోంది. రెండో కొస ఎక్కడుందో అని వెళ్తే, అన్నయ్య దాన్ని వేలికి చుట్టుకుంటూ మురిసిపోతున్నాడు, ఎంత పొడుగో చూడు పిచ్చుకా అంటున్నాడు. లేచాక నా నాలుక తడుముకున్నాను.

సోమవారం వదిన షాపుకి వెళ్తూ వెళ్తూ మా ఇంటి ముందు ఆగింది. మీ అన్న రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు, ఆ మొక్కని తన చేత్తో చంపినట్టు కుమిలిపోతున్నాడు, ఏం చేస్తావో చెయ్యి అంది. ఇంకో మాట కూడా చెప్పింది. పూర్తిగా పోయాక దాన్ని వేళ్ళతో సహా తవ్వి తీసుకురమ్మన్నాడు, ఒక్కసారి చేతిలో పట్టుకుంటాడట.

 చచ్చిన మొక్కని తేవాలంటే ముందు అది చావాలి కదా. తోపుకి వెళ్ళాను. పొద్దున పదిన్నర, ఎండ ఆకుల సందుల్లోంచి నాణేల్లా పడుతోంది. చేతిలో కత్తెరా తాపీ ఉన్నాయి. నల్ల వల ఎత్తి పొట్టిదాని పక్కన చతికిలబడ్డాను. కత్తెరతో మొదట్లో ఒక్క నొక్కు నొక్కితే చాలు, నాలుగు రోజులు గోనె కింద ఎండబెడితే అన్నయ్య వేలికి తేడా తెలియదు. ఉత్తరం నిలబడుతుంది, వ్యాసం నిలబడుతుంది, అన్నయ్య ఆ వెలుగుతోనే రిటైరవుతాడు. కత్తెర తెరిచాను కూడా. చిగురు విచ్చుకుని ఉంది. గోరంత ఆకు, ఇంకా ముడతలు పోలేదు, మెరుస్తోంది. రెండేళ్ళ కిందట దీన్ని బతికించిన చెయ్యీ ఇప్పుడు కత్తెర పట్టిన చెయ్యీ ఒకటే. కత్తెర మూసేశాను. వదిలేశాను. దాని కోసం వదిలానో అన్నయ్య కోసం వదిలానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వాళ్ళింటికి వెళ్ళి, అన్నయ్యా చెప్పులేసుకో, తోపుకి వెళ్దాం అన్నాను. ఎందుకని అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. దారంతా ఎండ గురించీ, పక్షుల గురించీ మాట్లాడాడు. నేను మాట్లాడకపోవడం చూసి పిచ్చుకకి ఒంట్లో బాగాలేదా అని ఎగతాళి చేశాడు. పెద్దమ్మ కింద కూర్చోబెట్టి, అన్నయ్య చెయ్యి పట్టుకుని పొట్టిదాని మీద పెట్టాను.

ఆయన చేతివేళ్ళు కాండం వెంబడి పైకి వెళ్ళాయి. ఒక ఆకు, ఇంకో ఆకు, ఇంకోటి. ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూశాడు. కొసన ఉన్న కొత్త ఆకు దగ్గర ఆగిపోయాడు. మొహంలో ముందు సంతోషమే కనబడింది. ఒక్క క్షణం, అది బతికున్నందుకు. ఆ తర్వాత సంగతి అర్థమైంది.

నేను మొత్తం చెప్పేశాను. మట్టి సంగతి, జల్లెడ సంగతి, రెండో వారం, మూడో వారం, షీటు మీద గీయకుండా దాచిన రెండు వేళ్ళు, కత్తెర. అన్నయ్య మధ్యలో ఎంత మట్టి, ఎంత లోతులోంచి తీశావు, ఏ రోజు అని అడిగాడు, పనిలో అడిగే గొంతుతోనే. ఆపరేషన్ రోజు అన్నాను. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ కొత్త ఆకు వదలకుండానే, "మట్టి వేశావు, సరే. నాకు చూపుండి అక్కడ ఉంటే నేనూ వేసేవాణ్ణేమో" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. దారం నిజంగా దాటే ఉండొచ్చు కదా అన్నయ్యా అన్నాను. ఉండొచ్చు, అది తేల్చే దారి మాత్రం ఇక లేదు అన్నాడు. ఆ ఉడికిన మట్టిలో ఇప్పుడున్న దారం జల్లెడ దాటి వచ్చిందో నా గుప్పెట్లోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరట. ఇన్నేళ్ళ పని గురించి ఆయన అన్నది అంతే.

"ఆకులు ఇంకా వాలే ఉన్నాయని చెప్పావు. అప్పుడు వాటిని చూసిందెవరు?"

"నేనే."

"నువ్వు చూస్తే నేను చూసినట్టేగా ఇన్నాళ్ళూ. నా కళ్ళే నాతో అబద్ధమాడాయి పిచ్చుకా."

కోప్పడితే బాగుండేది. చెంప మీద ఒకటి వేసినా బాగుండేది. అన్నయ్య మామూలుగా అన్నాడు, మట్టి తడిగా ఉంది అన్నట్టు. నేను ఆయన మోకాళ్ళ మీద తలపెట్టి ఏడ్చాను. నా తల మీద చెయ్యి వేశాడు, నిమిరాడు కూడా. కానీ ఆ చెయ్యి ఎక్కడో ఆలోచిస్తూ నిమిరే చెయ్యి. లేచేటప్పుడు నా భుజం అందుకోలేదు. పెద్దమ్మ మొదలు తడుముకుని లేచాడు. తర్వాత తప్పదు కాబట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చి వెంటనే ఉత్తరం చెప్పాడు. ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. ఉడికించిన మట్టిలో బయటి మట్టి కలిసింది. తెంచిన తర్వాత మొక్క బతికే ఉంది, కొత్త ఆకు వేసింది. ఇంతకుముందు పంపిన పరిశీలన నిజం కాదు, దానికి బాధ్యత నాది. నా పేరు రాయమని బతిమాలాను, నేను చేసిందని రాయి అన్నయ్యా అని. ఒప్పుకోలేదు. తన పేరుతో వెళ్ళిన మాటకి తనే జవాబుదారీ అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాశాను. జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ రాయలేదు. రాసి, మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివి వినిపించాను. అన్నయ్య తల ఊపాడు.

వదిన అప్పుడే భోజనానికి వచ్చి వంటింట్లో చేతులు కడుక్కుంటోంది. అన్నయ్య పిలిచాడు. ఈ ఉత్తరం ఒకసారి చదివిపెట్టు అన్నాడు. వదిన నా వైపు చూసింది. ఇప్పుడేగా చదివింది, నాకు లోపలికి వినబడింది అంది.

"నువ్వు చదువు" అన్నాడు అన్నయ్య.

వదిన కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివింది. నేను రాసిందే, నేను చదివిందే, ఒక్క అక్షరం తేడా లేదు. అన్నయ్య తల కొంచెం పక్కకి వంచి, మొదటిసారి వింటున్నట్టు వింటున్నాడు. అంతా అయ్యాక పెన్ను తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో వదినని అడిగాడు.